గీత తొక్కని గురువు

ఉమాపతిలో ఒక మంచి గుణం ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా, ఇచ్చిన మంచినీళ్ళు తాగేలోపే ఆ ఇల్లు ఎక్కడెక్కడ తప్పుగా కట్టారో ఇంటివాళ్ళకి చెప్పేస్తాడు. అడక్కుండానే చెబుతాడు. ఊరికే చెబుతాడు. కొందరు దీన్ని గర్వం అనుకున్నారు. పరోపకారం చేసేవాళ్ళని లోకం ఎప్పుడు అర్థం చేసుకుంది గనక, అని అతను సరిపెట్టుకున్నాడు.

ఈ పరోపకారం వల్లే అతనికి పెళ్ళి కాలేదు. జగిత్యాల సంబంధానికి వెళ్ళినప్పుడు, అమ్మాయి టీ తెచ్చేలోపు వంటింట్లోకి తొంగిచూసి, పొయ్యిగట్టు మూడంగుళాలు ఎత్తు ఎక్కువైందనీ, ఆ ఇంటి ఆడవాళ్ళ భుజాల నొప్పులకి కారణం అదేననీ పిల్ల తండ్రికి చెప్పాడు. నిర్మల్ సంబంధంలో మెట్ల గురించి మాట్లాడాడు. మూడోచోట నోరు విప్పనని ఒట్టు పెట్టుకుని వెళ్ళి, వీధి తలుపు తప్పు వైపుకి తెరుచుకుంటోందని చెప్పి వచ్చాడు. ఆ తలుపు ఎటు తెరుచుకున్నా, అతని వెనకాల మాత్రం గట్టిగానే మూసుకుంది.

ఇప్పుడతనికి నలభై ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో వంటిళ్ళు అమర్చిపెట్టే షాపులో కొలతలు తీసే పని. ఇంజనీరింగ్ చదవలేదు. పడుచుతనంలో కోరుట్లలో మోనాచారి గారి కొట్టంలో రెండేళ్ళు ద్వారబంధాల పని నేర్చుకున్నాడు. మిగిలిందంతా సొంతంగా నేర్చుకున్నానని చెప్పుకుంటాడు. తప్పులు కూడా అందులోకే వస్తాయని చెప్పుకోడు.

మోనాచారి గారు వడ్రంగి. ఆ చుట్టుపక్కల చాలామందికి అచల గురువు కూడా. ఉన్నదంతా బయలే, ఆ ఖాళీ తప్ప నిలిచేది వేరే లేదని చెప్పే మార్గం అది. ప్రతి పున్నమికీ కొట్టంలో రంపపు పొట్టు ఊడ్చి చాపలు పరిస్తే, నేతపనివాళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఒక బస్సు కండక్టరు వచ్చి కూర్చుని తత్వాలు పాడతారు. గురువుగారు పెద్దగా మాట్లాడరు. అందుకని ఆయన బదులు ఉమాపతి మాట్లాడేవాడు. బయలు గురించి అతను మొదలుపెడితే గంటకి తక్కువ ఉండేది కాదు. కండక్టరు మధ్యలో గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు. నిలబడి ఉద్యోగం చేసేవాడు, పాపం అలసట, అనుకునేవాడు ఉమాపతి.

అలాంటి ఉమాపతి సొంతంగా ఇల్లు కొనుక్కున్నాడు. ఊరి చివర ఏడో అంతస్తులో ఒకే గది. పొడుగు పదహారు అడుగులు, వెడల్పు పది. బాత్రూమ్ కూడా అందులోంచే. బిల్డరు దాన్ని స్టూడియో అన్నాడు. ఆ మాటకే ఉమాపతి సగం పడిపోయాడు.

మిగతా సగం, ఆ గదిని పటం మీద అమర్చడంలో పడిపోయాడు.

గళ్ళ కాగితం మీద గది గీశాడు. మంచం, బీరువా, బల్ల, ఫ్రిజ్ అన్నిటికీ కొలత ప్రకారం అట్టముక్కలు కత్తిరించాడు. అట్టకి కరువు లేదు, ఇన్నేళ్ళుగా వచ్చిన పెళ్ళిపత్రికలు సంచీడున్నాయి. మంచం మీద ఎవరి కూతురి ముహూర్తమో, బీరువా మీద ఏదో ఊళ్ళో విందో, ఫ్రిజ్ మీద సగం తెగిన ‘బంధుమిత్రుల అభినందనలతో’. వాటిని కాగితం మీద అటూ ఇటూ జరుపుతూ మూడు వారాలు గడిపాడు. చివరికి ఎంత బాగా కుదిరిందంటే, గదిలో అరచెయ్యంత జాగా కూడా వృథా కాలేదు. పొద్దున మంచం గోడలోకి లేస్తుంది, దాని జాగాలోకి బల్ల దిగుతుంది. ఒక కుర్చీ. ఒక కంచం నిలబెట్టే అర. ఒక కప్పు తగిలించే కొక్కెం.

ఆ వారంలోనే కోరుట్ల నుంచి అనసూయక్క ఫోన్ చేసింది. అతనికి తోడబుట్టింది ఆమె ఒక్కతే. భర్త పోయాక బీడీలు చుట్టుకుంటూ ఒంటరిగా ఉంటోంది.

"తమ్మీ, కన్ను మసకలైతున్నదిరా. షుగర్ కంటికి ఎక్కిందట. పట్నంల సూదిమందు ఇస్తరట, పది రోజులుండాలెనట. నీ కొత్తింట్ల ఉంటనురా."

"జాగా లేదక్కా."

"నాకేం జాగారా. ఓ మూలకు చాప ఏసుకుంట."

"మూలలు లేవక్కా. నాలుగు మూలలల్ల నాలుగు సామాన్లొస్తున్నయి." తర్వాత ఏ మూలలో ఏది వస్తుందో, ఎందుకు అక్కడే రావాలో పది నిమిషాలు చెప్పాడు. అక్క అంతా విన్నది.

"మంచిగ పెట్టుకున్నవు తమ్మీ. సరేలే, ఏదో ఒకటి చూసుకుంట."

ఫోన్ పెట్టేశాక, జాగా లేదన్నది పటమేగానీ తను కాదు కదా అనుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి పనివాళ్ళని పిలుద్దామని ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేస్తున్నాడు. పటంలో తప్పు ఎక్కడుందా అని వెతికాడు. దొరకలేదు. గురువుగారు చూసి ఒక మాట అంటే తప్ప ఈ గుబులు తీరదనిపించింది.

ఆదివారం పొద్దున ఒక శిష్యుడి ఇంట శుభకార్యానికి మోనాచారి గారు హైదరాబాదు వస్తున్నారని తెలిసింది. దారిలో ఒక గంట తన ఇంట అడుగు పెట్టమని బతిమాలుకున్నాడు. పనివాళ్ళని సోమవారం రమ్మన్నాడు. శనివారమంతా మోకాళ్ళ మీద పాకుతూ, కాగితం మీదున్న పటాన్ని సుద్దముక్కతో నేల మీద అసలు కొలతల్లో గీశాడు.

గురువుగారి కొట్టంలో ఒక కట్టుబాటు ఉంది. గీసిన గీత తొక్కకూడదు. చెక్క మీద గీసినా, నేల మీద గీసినా అంతే. గీత అంటే ఇంకా పుట్టని వస్తువనీ, తొక్కితే అది పుట్టడమే వంకరగా పుడుతుందనీ పాత పనివాళ్ళ నమ్మకం. పని నేర్చుకునే రోజుల్లో ఉమాపతి ఓసారి తలుపు గీత తొక్కి, సాయంత్రం దాకా కొట్టం బయట కూర్చున్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి మోనాచారి గారు వచ్చారు. ఎనభై ఏళ్ళ మనిషి. లిఫ్టు దిగి, చెప్పులు బయట విడిచి, గడప దాటి ఒక అడుగు వేసి ఆగారు.

"నా కాళ్ళ కిందిదేంది ఉమాపతీ?"

"చెప్పులు పెట్టే పెట్టె అయ్యా. అక్కడ వస్తది."

"అట్లనా." ఆయన పాదం ఎత్తి జాగ్రత్తగా గీత దాటి పక్కకి జరిగారు.

"అక్కడ ఫ్రిజ్ వస్తదయ్యా."

మళ్ళీ జరిగారు.

"అది పొయ్యిగట్టు."

"మరి ఇది?"

"మంచమయ్యా. పొద్దున గోడకు లేస్తది."

"లేసినంక జాగా ఉంటది గదా?"

"ఉండదయ్యా. మంచం లేస్తే బల్ల దిగుతది."

"బల్ల లేస్తే?"

"మంచం దిగుతది."

గురువుగారు తల ఊపారు. "పోనీ, వాటికైన ఒకదానికొకటి తోడున్నది."

మెచ్చుకున్నారనుకుని ఉమాపతి ఉత్సాహం తెచ్చుకున్నాడు. ఆయన గీతల మధ్య సందులు చూసుకుంటూ, కొంగలా కాలెత్తి కాలేస్తూ తూర్పు గోడ దగ్గరికి వెళ్ళారు. అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకోబోయారు.

"అక్కడ నిలవడకుండ్రి అయ్యా! అక్కడ మీ ఫోటో వస్తది."

"నా ఫోటోనా?"

"గూడు చేపిస్తున్న. రెండడుగుల వెడల్పు. లోపల లైటు, కింద పూలకు సొరుగు. పొద్దున లేవంగనే మీ ముఖమే చూడాలె."

గురువుగారు గోడవైపు ఒకసారి చూశారు. తన ఫోటోకి అడ్డం తప్పుకున్నారు.

"ఇగ మిగిలిందేంది?"

"ఇదయ్యా, నడిచే దారి. గుమ్మం కాడికెంచి బాత్రూమ్ దాక. ఒక మనిషికి కొలిచినట్టు సరిపోతది."

"దాంట్ల నువ్వున్నవు."

ఉమాపతి కిందికి చూసుకున్నాడు. నిజమే, ఉన్నాడు. ఎటు తప్పుకోవాలో చూశాడు. తప్పుకోవడానికి ఫ్రిజ్జో, మంచమో, గురువుగారి ఫోటోనో తప్ప ఏమీ కనిపించలేదు. అతను ఆలోచించేలోపే ఆయన మెల్లగా, ఒక్క గీత కూడా చెరక్కుండా, వచ్చిన దారినే గడప దాటి బయటికి వెళ్ళిపోయారు. వరండాలో, గుమ్మానికి ఎదురుగా, విడిచిన తన చెప్పుల పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఇక్కడ మంచిగున్నది. ఇగ చెప్పు."

ఉమాపతి, లోపల తను నిలబడి, బయట నేల మీద గురువుగారిని పెట్టి, బీరువా తలుపులు పక్కకి జారతాయని చెప్పాడు. అద్దం వెనక మందుల అర ఉంటుందని చెప్పాడు. తన గొంతు ఖాళీ గదిలో మోగి తనకే వినిపిస్తోంది. గురువుగారు శ్రద్ధగా వింటున్నారు. అంత శ్రద్ధగా వినకపోయినా బాగుండుననిపించింది.

ఎదురింటావిడ కూరగాయల సంచితో లిఫ్టు దిగింది. కింద కూర్చున్న ముసలాయన్ని చూసి గతుక్కుమంది.

"అయ్యో, పెద్దాయన్ని బయట కూర్చోబెట్టారేంటండీ?"

"లోపల జాగా లేదు బిడ్డా," అన్నారు గురువుగారు.

ఆవిడ తొంగిచూసింది. గోడలు, నేల, మధ్యలో ఉమాపతి. "ఖాళీగానే ఉంది కదండీ!"

"నీకు కనవడది బిడ్డా. మస్తు సామానున్నది."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంచి దించి, తన ఇంట్లోకి వెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ఉమాపతికి, వచ్చిన మనిషికి తను మంచినీళ్ళయినా ఇవ్వలేదని.

"అయ్యా, గీతలే గదా. తొక్కుండ్రి. లోపలికి రాండ్రి."

"తొక్కొద్దని నీకు చెప్పింది నేనేనాయె. నేనే తొక్కితే ఎట్ల?"

మజ్జిగ తాగి, గ్లాసు ఆవిడకిచ్చి, గురువుగారు చెయ్యి చాపారు. "ఆ సుద్దముక్క ఇటియ్యి."

ఉమాపతి ఇచ్చాడు. ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే, తన చుట్టూ నేల మీద గీత గీసుకోవడం మొదలుపెట్టారు. కుడి మోకాలి పక్కనుంచి మడిచిన పాదాల దాకా. చెయ్యి అందని వెనకవైపు గోడే గీతన్నట్టు వదిలేశారు. ఎడమ మోకాలి దగ్గర గీత వంకరపోయింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, గీత తొక్కకుండా దాటి, చెప్పులు వేసుకున్నారు. కింద పనసకాయని సగానికి కోసి పెట్టినట్టు ఒక ఆకారం మిగిలింది.

"ఇదేందయ్యా?"

"నీ పటంల లేనిది," అన్నారు గురువుగారు. లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయారు.

ఉమాపతి టేపు తెచ్చి ఆ ఆకారాన్ని కొలిచాడు. అతనికి తెలిసిన పని అదొక్కటే. ఇరవై ఏడు అంగుళాలు, ముప్పై ఒకటి. అదేమంత పెద్ద కొలత కాదు, చిన్న వాషింగ్ మెషినంత. ఆ కొలతకి ఒక పెళ్ళిపత్రిక కత్తిరించి, పటం మీద ఎక్కడైనా పెట్టి చూద్దామనుకున్నాడు. తూర్పున పెడితే గూడు తీయాలి. కొంచెం పక్కకి జరిపితే బీరువా సగమవుతుంది. కిటికీ దగ్గర పెడితే బల్ల దిగదు. మధ్యాహ్నం దాటింది. తిండి సంగతి గుర్తు రాలేదు.

చివరికి లేచి, తడిగుడ్డ తెచ్చి, ముందుగా గురువుగారి ఫోటో గూడు తుడిచేశాడు. తుడుస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది. తర్వాత బీరువాని సగం చేశాడు. సగం చేశాక తెలిసింది, ఆ రెండో సగంలో పెట్టడానికి తన దగ్గర బట్టలే లేవని. తూర్పు గోడ పక్కన ఒక మనిషి చాప వేసుకుని కాళ్ళు చాపుకునేంత జాగా తేలింది.

గుడ్డ పక్కన పడేసి, తడి చేతులతోనే అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, రా. జాగా అయింది."

"అయ్యో తమ్మీ, నేను మొన్ననే వచ్చినరా పట్నం. నిన్న ఒక కంటికి సూది ఇచ్చిన్రు."

"మరి నాకు చెప్పలే?"

"నీకు జాగా లేదంటివి గద. మల్ల చెప్తే నువ్వు బాధపడుతవని. మా బీడీల లచ్చవ్వ బిడ్డ లేదా, సుగుణ, వాళ్ళింట్ల దిగిన. మంచిగ చూసుకుంటున్నరు."

"ఇటొచ్చెయ్ అక్కా. ఆటో తీసుకొస్త."

"ఉండనీ తమ్మీ. ఇప్పుడు నడిమిట్ల లేసొస్తే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటది. ఈసారికి ఇక్కడనే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి వాదించేవాడు.

మర్నాడు పనివాళ్ళకి తాళం చెవి ఇచ్చి, సుగుణ ఇంటికి వెళ్ళాడు. అదీ ఒకే గది, పైన రేకులు. మొగుడూ పెళ్ళాలు, అత్త, ఇద్దరు ఆడపిల్లలు. ఇప్పుడు ఒక కంటికి కట్టుతో అనసూయక్క. మంచం కింద బియ్యం సంచి, దాని మీద కుట్టుమిషను మూత, మూత మీద పుస్తకాలు. ఏ వస్తువూ ఉండాల్సిన చోట లేదు. ఉమాపతి నాలుక చివరికి కనీసం ఆరు తప్పులు వచ్చాయి.

"రా అన్నా, కూసో," అంది సుగుణ.

ఎక్కడ, అని చూశాడు. కూర్చునే చోటు లేదు. అయితే ఎవరూ లేచి నిలబడలేదు. అత్త కాళ్ళు ముడుచుకుంది. పిల్లలు ఒకరి మీదికి ఒకరు జరిగారు. సుగుణ పొయ్యి వైపు కొంచెం జరిగింది. అక్క కట్టున్న కంటివైపు చెయ్యి చాపి, తడిమి, చాప అంచు సరిచేసింది. చూస్తుండగానే అందరి మధ్యలో ఒక మనిషి జాగా తయారైంది.

"ఇట్ల కూసో తమ్మీ," అంది అక్క.

కూర్చున్నాడు. ఒక పిల్ల మోకాలు అతని తొడకి తగులుతోంది. మనిషి తగిలి చాలా ఏళ్ళయింది. టీ ఇచ్చారు, తాగాడు. ఆ ఇంటి గురించి ఏమీ అనలేదు. లేచి వస్తుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది.

"కొత్తిల్లు ఎప్పుడన్న చూస్తలే," అంది. చూస్తానన్నదే గానీ ఎప్పుడన్నది చెప్పలేదు. అతను అడగలేదు.

పనివాళ్ళు రెండు వారాల్లో పని ముగించారు. తూర్పు గోడ పక్కన జాగా అలాగే వదిలారు. ఇక్కడ ఏం మర్చిపోయార్సార్, అని మేస్త్రీ రెండుసార్లు అడిగాడు. పది రోజులూ అయిపోయి, అక్క సుగుణ ఇంటి నుంచే కోరుట్ల బస్సెక్కింది. ఎక్కాక ఫోన్ చేసింది.

ఉమాపతి కొత్తింట్లో ఉంటున్నాడు. సాయంత్రం షాపు నుంచి వచ్చి, టీ పెట్టుకుని, ఆ జాగా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎండ కిటికీలోంచి దిగి ఆ జాగాలో కాసేపుండి వెళ్ళిపోతుంది. అది తప్ప అక్కడికి ఇంకా ఎవరూ రాలేదు.

తర్వాతి పున్నమికి కోరుట్ల వెళ్ళాడు. ఆ రోజు బయలు గురించి మాట్లాడలేదు. కండక్టరు మొదటిసారి పూర్తిగా మెలకువగా ఉండి, ఒంట్లో బాగుందా అని అతన్ని అడిగాడు. తత్వాలయ్యాక, అందరూ చాపలు చుడుతుంటే, గురువుగారి దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాడు.

"అయ్యా, మీరు చెప్పినట్టే జాగా పెట్టిన. నెల దాటింది. అక్కను పిలిస్తె అప్పటికే వేరేకాడ దిగింది. ఎవ్వరొస్తలేరు."

మోనాచారి గారు చాప చుట్ట అతని చేతికిచ్చారు.

"మల్ల పిలిచినవా?"

ఉమాపతి ఆ చాప తీసుకెళ్ళి మిగతావాటి మీద పెట్టి బయటికి వచ్చాడు. అక్క ఇల్లు ఆ కొట్టానికి రెండు వీధుల అవతల. ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్ళాడు. కన్ను ఎలా ఉందని అడిగాడు, చుక్కల మందు వేసుకుంటున్నావా అని అడిగాడు, అన్నం తిన్నాడు, తెల్లారి బస్సెక్కేశాడు.

మొన్న లిఫ్టులో ఎదురింటావిడ కనిపించింది. ఏడు అంతస్తులు, ఇద్దరే మనుషులు. ఐదో అంతస్తు దగ్గర ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. ఆవిడ అతనివైపు తిరిగింది.

"లిఫ్టు ఈ మధ్య కొంచెం చప్పుడు చేస్తోందండీ," అన్నాడు.

"అవునండీ," అందావిడ.

జాగా చెయ్యడం అతనికి వచ్చింది. రమ్మని పిలవడం ఇంకా రాలేదు.